క్రైస్తవారాధనలోను కవిత్వములోను వెలుగు

వెలుగు కంటె ప్రాచీనమైన ప్రతీక మానవుని యూహలో మరియొకటి లేదనవచ్చును. అందుచేతనే దానిని విమర్శించుట కష్టము. సిలువ యొక మతమునకు చెందినదని చూచినంతనే తెలియును. దీపము విషయమున అట్లు చెప్పుటకు వీలులేదు. గుడిలోను, దర్గాలోను, చర్చిలోను, ఇంటి తులసికోట ముందరను వెలుగునది ఒకే విధమైన జ్వాల. కేరళలోని ప్రాచీన సిరియన్ క్రైస్తవులు వాడు నిలువుదీపము పొరుగున నున్న దేవాలయములోని దీపము వంటిదే. దాని శిఖరమున సిలువ యుండుట యొక్కటే భేదము. జ్వాల యొకటే గనుక అర్థము కూడ నొకటే యని తలచుట సులభము. ఆ తలపులో సౌహార్దము కలదు. కాని సాహిత్య విమర్శకు సౌహార్దము మాత్రము చాలదు. ఒకే మాట రెండు వాక్యములలో రెండు పనులు చేయును. వెలుగు అను మాట క్రైస్తవ గ్రంథములలోను, ఆరాధనలోను, వాని స్పర్శ సోకిన భారతీయ కవిత్వములోను ఏ పని చేయుచున్నదన్నదే ఇచ్చట విచారింపవలసిన విషయము.

ఈ ప్రశ్నకు వాడుకలో నున్న సమాధానము ఒకటి కలదు. వెలుగనగా జ్ఞానము, చీకటి యనగా అజ్ఞానము. వెలుగు వచ్చినంతనే చీకటి పోవును. ఇది అసత్యము కాదు. కాని క్రైస్తవ సంప్రదాయములోని ముఖ్య ఘట్టములను వరుసగా పరిశీలించినచో వేరొక సంగతి బయటపడును. అచ్చటి వెలుగు దూరమున నిలిచి చీకటిని తరిమివేయునది కాదు, చీకటిలోనికి దిగివచ్చునది. చీకటి చెంత నున్నంతకాలము ఆ ప్రతీకకు ప్రాణముండును. చీకటిని ముందుగానే తుడిచివేసి చూపినచో అది అలంకారముగా మిగులును. చీకటిని ఇతరులకు అంటగట్టి చూపినచో అహంకారముగా మారును.

బైబిలు ఆరంభమే ఈ విషయమున గమనింపదగినది. ఆదికాండము ప్రకారము మొదటి దినమున కలిగినది వెలుగు. సూర్యచంద్రులు కలిగినది నాలుగవ దినమున. ఈ క్రమము భౌతికశాస్త్ర దృష్టికి వింతగా తోచును గాని కవిదృష్టికి అందొక ఉద్దేశము కన్పట్టును. చుట్టునున్న జాతులు సూర్యుని, చంద్రుని దేవతలుగా కొలుచుచుండగా, హెబ్రీ కథకుడు వెలుగును వారినుండి వేరుచేసెను. ఆ ఘట్టమున సూర్యునకు సూర్యుడన్న పేరు కూడ నీయక, పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని మాత్రమే చెప్పి ఊరకుండెను. వెలుగు దేవుడు కాదు. దేవుడు పలికిన మాటకు ఫలము. అంతేకాదు, ఆ కథలో చీకటి నశింపలేదు. అది వెలుగునుండి వేరుచేయబడి, రాత్రి యను పేరు పొంది, దినములో భాగమై నిలిచినది. ఆ లెక్కలో సాయంకాలము ముందు, ఉదయము తరువాత.

యోహాను సువార్త తన పీఠికలో ఈ కథనే తలచుకొని దానికొక క్రొత్త మలుపు నిచ్చినది. సృష్టికి మూలమైన వాక్కునే యోహాను మనుష్యుల వెలుగుగా భావించెను. అయితే ఆ వెలుగును చీకటి లేని చోట నిలుపక, చీకటి నడుమనే నిలిపెను. ఆ చీకటి దానిని ఏమి చేయలేకపోయినదో చెప్పుటకు గ్రీకు మూలములో వాడబడిన క్రియకు రెండర్థములు కలవు. పట్టి లోబరచుకొనుట యొకటి. బుద్ధితో తెలిసికొనుట రెండవది. అనేక భాషలలోని అనువాదకులు ఈ రెండింటిలో నొకదానిని ఎన్నుకొని రెండవదానిని విడువవలసి వచ్చినది. తెలుగు బైబిలులో ఆ స్థలమున నున్న క్రియ గ్రహించుట. ఇది అనువాదకునకు అరుదుగా లభించు భాగ్యము. గ్రహించుట యనగా చేతితో పట్టుకొనుట, గ్రహించుట యనగా మనస్సుతో తెలిసికొనుట. పైగా సూర్యుని చీకటి పట్టుటను సూచించు గ్రహణమన్న మాట కూడ ఆ ధాతువునుండి పుట్టినదే. మూలములోని రెండర్థములతోపాటు మూలములో లేని మూడవ ఛాయ కూడ తెలుగు పాఠకునకు లభించినది. చీకటి ఆ వెలుగునకు గ్రహణము పట్టింపలేకపోయినది. దానిని తెలిసికొననూ లేకపోయినది.

ఇచ్చట భారతీయ పాఠకునకు బృహదారణ్యకోపనిషత్తులోని సుప్రసిద్ధ ప్రార్థన స్ఫురింపక మానదు. తమస్సునుండి జ్యోతికి నడిపింపుమని అది కోరును. ఈ రెంటికిని భేదము భావములో కంటె దిశలో నున్నది. ఉపనిషత్తులో ప్రయాణించువాడు మానవుడు, వెలుగు గమ్యము. యోహానులో ప్రయాణించునది వెలుగు. మానవుడున్న చీకటియే గమ్యము. ఇది ఉత్తమాధమ నిర్ణయము కాదు. రెండవ దిశ భారతీయ వాఙ్మయమునకు క్రొత్తదియు కాదు. పోతన గజేంద్రమోక్షములో, లోకములన్నియు నశించిన పిమ్మట మిగిలిన పెనుచీకటికి ఆవల వెలుగుచున్నవానిని ఏనుగు తలచుకొనును. ఆవలనున్న ఆ వెలుగే ఈవలనున్న మడుగు గట్టునకు పరుగున వచ్చును. భక్తి కవిత్వమునకు అలవాటుపడిన శ్రోతకు యోహాను చెప్పినది విదేశీయముగా తోపక పోవుటకు ఇదియొక కారణమై యుండవచ్చును.

కాని గజేంద్రమోక్షములో వచ్చిన వెలుగునకు మడుగులో ప్రమాదము లేదు. సువార్తలలో కలదు. రాత్రివేళ వచ్చిన నికొదేముతోను, విందునుండి లేచి యూదా బయటికి పోయినప్పుడు కమ్మిన రాత్రితోను యోహాను తన కథలో చీకటిని క్రమముగా చిక్కన చేయును. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మువ్వురును చెప్పు సంగతి యొకటి కలదు: యేసు సిలువపై నుండగా మధ్యాహ్నము మొదలు మూడు గంటల కాలము దేశమంతట చీకటి క్రమ్మెను. లోకమునకు వెలుగని చెప్పబడినవాడు పట్టపగటి చీకటిలో మరణించెను. క్రైస్తవ ప్రతీకకు కేంద్రము ఇది. వెలుగు చీకటికి ఎదురుగా నిలుచుట కాదు, చీకటిని అనుభవించుట. ఈ మధ్యాహ్నపు చీకటిని మరచిన క్రైస్తవ కావ్యము ఎన్ని దీపములు వెలిగించినను మూలమునకు దూరమే.

తొలి శతాబ్దములలోని వేదాంతులు దీపమును ఉపమానముగా వాడినది మరియొక ప్రయోజనము కొరకు. క్రీస్తు దేవునినుండి వచ్చినవాడైనచో దేవునిలో కొంత తరిగిపోయినదా అను ప్రశ్న పుట్టెను. రెండవ శతాబ్దమున జస్టిన్ అను రచయిత దీనికి నిప్పును చూపెను: ఒక నిప్పునుండి మరియొక నిప్పును అంటించినచో మొదటిది తరుగదు, రెండవది తక్కువ కాదు. 325లో నైసియా నగరమున సమావేశమైన బిషప్పులు తమ విశ్వాసప్రమాణములో తండ్రికి కుమారునకు గల సంబంధమును చెప్పుటకు వెలుగునుండి పుట్టు వెలుగు అను పోలికనే చేర్చిరి. నాలుగవ శతాబ్దపు సిరియా కవి ఎఫ్రేము సూర్యబింబము, కాంతి, వేడిమి అను మూడింటితో త్రిత్వమును వర్ణించెను. జస్టిన్ కాలమునాటికే జ్ఞానస్నానమునకు వెలిగింపు అను పేరు కూడ వాడుకలో నుండెను. ఈ పోలికలన్నిటిలోను ముఖ్యమైన గుణము పంచుకొనుట. బంగారము పంచినకొలది తరుగును. నిప్పు పంచినకొలది పెరుగును. తర్వాతి ఆరాధనాక్రమమంతయు ఈ గుణముపై ఆధారపడి నిర్మింపబడినదని చెప్పవచ్చును.

ఆరాధనలో దీపమునకు మొదటి స్థానము సాయంసంధ్య. నాలుగవ శతాబ్దపు చివర యెరూషలేము యాత్ర చేసిన ఎగీరియా అను స్త్రీ అచ్చటి సాయంకాల ప్రార్థనను వర్ణించినది. దీపములన్నియు వెలిగించుటకు నిప్పును వెలుపలినుండి తెచ్చెడివారు కారు; క్రీస్తు సమాధిగా భావింపబడిన గుహలో రాత్రింబగళ్ళు వెలుగు దీపమునుండి తెచ్చెడివారు. వెలుగు వచ్చుచున్న స్థలము సమాధి యనుట ఇచ్చట ప్రధానము. ఫోస్ హిలరోన్ అను గ్రీకు సాయంకాల గీతము కూడ ఇట్టి దీపారాధనకు చెందినదే. ఆ శతాబ్దముననే కైసరియా బిషప్పైన బేసిల్ దానిని తన కాలమునకే పురాతనమైన గీతముగా పేర్కొనెను. తూర్పు దేశపు సంఘములలో అది నేటికిని పాడబడుచున్నది. సూర్యుడు క్రుంకుచుండగా దీపము వెలిగించి పాడు పాట యది. పగటి గీతము కాదు.

ఈ సిద్ధాంతమునకు ఆక్షేపణ యొకటి రావచ్చును. పట్టపగలు చర్చిలో కొవ్వొత్తులు వెలిగించుట లేదా? ఈ ఆక్షేపణ క్రొత్తది కాదు. అయిదవ శతాబ్దారంభమున విజిలాంటియస్ అనువాడు, సూర్యుడు వెలుగుచుండగా కొవ్వొత్తుల రాశి యెందుకని పరిహసించెను. 406లో జెరోమ్ అతనికి సమాధానమిచ్చుచు, తూర్పు దేశములలో సువార్త చదువునప్పుడు ఎండలో సైతము దీపములు వెలిగింతురనియు, అది చీకటిని పోగొట్టుటకు కాక సంతోషమును తెలుపుటకనియు వాదించెను. అయితే ఆ వాదమునకు జెరోమ్ చూపిన ఆధారము గమనింపవలెను. పెండ్లికుమారుని కొరకు అర్ధరాత్రివరకు దీపములతో కాచుకొన్న కన్యకల ఉపమానమును ఆయన స్మరించెను. పగటి దీపమునకు అర్థము రాత్రి దీపమునుండియే లభించినది. ఎండలోని కొవ్వొత్తి ఒక రాత్రికి జ్ఞాపకచిహ్నము.

ఆరాధనలో చీకటికి గల స్థానమును రెండు కర్మలు స్పష్టముగా చూపును. మొదటిది పశ్చిమ సంఘములో పవిత్రవారపు చివరి మూడు దినములందు జరుగుచు వచ్చిన టెనెబ్రే. లాటినులో ఆ మాటకు చీకట్లు అని అర్థము. త్రికోణాకారమైన దీపస్తంభముపై సాధారణముగా పదిహేను కొవ్వొత్తులుండును. ఒక్కొక్క కీర్తన ముగిసినకొలది ఒక్కొక్క కొవ్వొత్తిని ఆర్పుదురు. దీపములు వెలిగించు ఆరాధనలు లోకమున అనేకము కలవు. దీపములను ఒక్కొక్కటిగా ఆర్పుటయే ఆరాధనయగుట అరుదు. చివరి కొవ్వొత్తిని మాత్రము ఆర్పరు. దానిని బలిపీఠము వెనుక దాచి, కొంతసేపటికి తిరిగి తెత్తురు. వెలుగు నశింపలేదు, మరుగైనది. ఆ మరుగును భక్తులు కూర్చుండి సహింపవలెను. ఉపదేశమేదియు లేకయే ఆ కర్మ ఈ మాటను చెప్పుచున్నది.

రెండవది ఈస్టరు జాగరణ. చర్చి యంతయు చీకటిగా నుంచి, వెలుపల క్రొత్త నిప్పు రాజవేసి, ఆ నిప్పుతో పెద్ద కొవ్వొత్తిని వెలిగించి లోనికి తెత్తురు. ఆ యొక్క జ్వాలనుండి భక్తుల చేతులలోని చిన్న కొవ్వొత్తులన్నియు వెలుగును. అప్పుడు పాడబడు ఎక్సుల్టెట్ అను ప్రాచీన స్తోత్రము మైనమును సమకూర్చిన తేనెటీగల శ్రమను కూడ తలచుకొనును. పంచినను తరుగని జ్వాలను కొనియాడును. ఆ స్తోత్రము వెలుగును మాత్రమే గాక రాత్రిని కూడ కీర్తించును. ఇశ్రాయేలీయులు సముద్రము దాటినదియు, క్రీస్తు మరణమునుండి లేచినదియు రాత్రియే యని మరల మరల గుర్తుచేయును. వెలుగు పండుగలో చీకటికి కృతజ్ఞత చెప్పబడుచున్నది.

ఈ కర్మకు పట్టిన గతి ప్రతీకల చరిత్రలో ఒక పాఠము. పగటివేళకు కొంచెము కొంచెముగా జరిగి, అనేక శతాబ్దముల పాటు రోమను సంఘములో ఈ జాగరణ శనివారము ఉదయముననే జరుగుచు వచ్చినది. మాటలు మారలేదు, రాత్రిని కీర్తించు స్తోత్రము అట్లే నిలిచినది, క్రొత్త నిప్పు, కొవ్వొత్తి, ఊరేగింపు అన్నియు నుండెను. లేనిది చీకటి యొక్కటే. కిటికీలలోనుండి ఎండ పడుచుండగా అర్చకుడు రాత్రిని సంబోధించుచుండెను, వినువారు కొద్దిమందియే. 1951లో పన్నెండవ పయస్ పోపు దానిని తిరిగి రాత్రికి చేర్చుటకు అనుమతించెను. 1955లో వెలువడిన పవిత్రవార సంస్కరణలు దానిని స్థిరపరచెను. చీకటిని తిరిగి యిచ్చినంతమాత్రమున ఆ కర్మకు పూర్వార్థము తిరిగి వచ్చినది. పద్యములోని ఉపమానమునకు కూడ ఈ న్యాయమే వర్తించును.

వేదాంత రచనలలో ఈ భావము మరింత లోతునకు పోయినది. నాలుగవ శతాబ్దపు నిస్సా బిషప్పు గ్రెగొరి మోషే జీవితమును వ్యాఖ్యానించుచు ఒక విచిత్ర క్రమమును కనుగొనెను. మోషే మొదట దేవుని మండుచున్న పొదలో వెలుగుగా చూచెను, తరువాత మేఘములో, చివరకు సీనాయి శిఖరమున గాఢాంధకారములో. జ్ఞానము పెరిగినకొలది వెలుగు పెరుగవలెనని సామాన్యులు తలంతురు. గ్రెగొరి దృష్టిలో, దేవుని సమీపించినకొలది ఆయన బుద్ధికి అందడను సత్యము తెలియవచ్చును. ఆ తెలియరానితనమే చీకటి. పదునారవ శతాబ్దపు స్పెయిను కవి యోహాను, సిలువ యోహానుగా ప్రసిద్ధుడు, ఈ మార్గముననే నడచెను. స్వమఠీయులే అతనిని టొలీడోలో బంధించిరి. 1578లో రాత్రివేళ తప్పించుకొని బయటపడెను. అతని ప్రసిద్ధ గీతమున రాత్రి యే వెలుగు కంటెను నమ్మదగిన మార్గదర్శి యగుచున్నది. ఇట్టి రచనలలో చీకటి పాపమునకు పర్యాయపదము కాదు. వెలుగు మితిమీరినందున కన్ను చెందు స్థితి యది. దమస్కు మార్గమున వెలుగును చూచి మూడు దినములు గ్రుడ్డివాడైన సౌలు కథలో దీని బీజమున్నది.

భారతదేశమున ఈ ప్రతీక ప్రవేశించిన తీరును గ్రహించుటకు రెండు ఆంగ్ల కీర్తనలను ప్రక్కప్రక్కన నిలిపి చూచుట ఉపకరించును. రెండును పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమునకు చెందినవి. రెండును ఈ దేశమున విశేషముగా వినబడినవి. రెండింటికిని వెలుగే ప్రాణము. మొదటిదానిని 1819లో రచించినవాడు రెజినాల్డ్ హీబర్. 1823లో కలకత్తా బిషప్పై వచ్చి, 1826లో తిరుచిరాపల్లిలో మరణించినవాడు. ఉత్తరమున గ్రీన్లాండు మొదలు దక్షిణమున సింహళము వరకు గల దేశములను తలచుకొనుచు, జ్ఞానముచే వెలుగొందిన తమవంటివారు రాత్రిలో మునిగినవారికి జీవదీపమును నిరాకరింపవచ్చునా యని ఆ కీర్తన ప్రశ్నించును. ఉద్దేశము పరోపకారమే. కాని అందులోని వెలుగు పాడువాని చేతిలోని ఆస్తి. చీకటి పరుల నివాసము. పాడువాడు తాను చీకటిలో నున్నట్లు క్షణమాత్రము తలపడు.

రెండవదానిని 1833లో రచించినవాడు జాన్ హెన్రీ న్యూమన్. సిసిలీలో ప్రమాదకరమైన జ్వరమునుండి కోలుకొని, స్వదేశమునకు తిరిగి పోవుచుండగా, అతడెక్కిన ఓడ గాలి లేక బొనిఫాచియో జలసంధిలో నిలిచిపోయెను. అప్పుడు వ్రాసిన కీర్తనయే లీడ్, కైండ్లీ లైట్ అని తొలి పలుకులతో లోకప్రసిద్ధమైనది. రచయిత దానికి మేఘస్తంభము అను పేరిడెను. అరణ్యములో ఇశ్రాయేలీయులను నడిపిన స్తంభము అతని మనస్సులో నుండెను. ఇందులో చీకటిలో నున్నవాడు పాడువాడే. ఇల్లు దూరము, దారి తెలియదు. అతడు కోరు వెలుగు సుదూర దృశ్యమును చూపనక్కరలేదు. ఒక్క అడుగునకు చాలినచో చాలును. పూర్వము తానే దారి నిర్ణయించుకొనగోరిన గర్వమును కూడ అందతడు ఒప్పుకొనును. హీబరు చేతిలో దీపమున్నది. న్యూమన్ చేయి చాచియున్నాడు.

ఈ రెండింటిలో నేది సువార్తకు సమీపమో చెప్పుటకు సువార్తలే సాక్ష్యము. శిష్యులను లోకమునకు వెలుగని యేసు పిలిచినమాట నిజము. దీపమును కుంచము క్రింద దాచరాదన్న ఉపమానమును హీబరు పక్షమున చూపవచ్చును. కాని ఆ ఉపమానము చివర కోరినది సత్క్రియలు కనబడుటను. పరులను చీకటివారని పిలుచుటను కాదు. ఆ ప్రసంగముననే, లోనున్న వెలుగు చీకటియైనచో ఆ చీకటి యెంత గొప్పదగునో యను హెచ్చరిక కూడ నున్నది. పుట్టుగ్రుడ్డికి చూపు వచ్చిన కథను ముగించుచు యోహాను, చూచుచున్నామని చెప్పుకొనువారి పాపమే నిలిచియుండునని యేసుచేత పలికించెను. వెలుగు తమ సొత్తని తలచువారిపై ఇంతకంటె కఠినమైన విమర్శ వేరొకటి లేదు.

భారతీయ పాఠకులలో ఈ భేదమును అతి సూక్ష్మముగా గుర్తించినవాడు క్రైస్తవుడు కాని గాంధీజీ. 1925లో కలకత్తాలో మిషనరీల సభలో మాటలాడుచు ఆయన హీబరు కీర్తనలోని దృష్టి తనకు బాధ కలిగించినదని చెప్పెను. న్యూమన్ కీర్తన విషయము వేరు. 1908 ఫిబ్రవరి 10న జొహానెస్బర్గులో దుండగులు కొట్టగా గాయపడిన గాంధీజీకి జోసెఫ్ డోక్ అను బాప్టిస్టు బోధకుడు తన ఇంట ఆశ్రయమిచ్చెను. అచ్చట మంచముపై నుండి ఆయన కోరిన కోరిక, డోక్ చిన్నకుమార్తె ఆలివ్ ఆ కీర్తన పాడవలెనని. ఆ సంఘటనను ఆయనయే దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఆప్యాయముగా వర్ణించెను. ఒక్క అడుగు చాలునన్న భావమును తర్వాతి జీవితమంతట ఆయన తన రాజకీయ కార్యక్రమమునకు సైతము అన్వయించుకొనెను. ఒకే భాషలో, ఒకే మతమున పుట్టిన రెండు కీర్తనలలో నొకదానిని ఆయన త్రోసిపుచ్చి రెండవదానిని హృదయమున నిలుపుకొనుట కేవలము అభిరుచి కాదు. అది సాహిత్య విమర్శ. వెలుగు ఎవరిది, చీకటిలో ఎవరున్నారు అను రెండు ప్రశ్నలను ఆయన ఆ కీర్తనలకు వేసెను.

న్యూమన్ కీర్తనకు గుజరాతీ కవి, పండితుడు నరసింహరావ్ దివేటియా చేసిన అనువాదము ప్రేమళ జ్యోతి అను పలుకులతో ప్రసిద్ధమైనది. ఆంగ్లములోని మాటకు దయగల అను అర్థము వచ్చును. ప్రేమళ అనగా ప్రేమతో నిండినది. దయ పైనుండి క్రిందికి ప్రసరించును. ప్రేమ ప్రక్కన నడచును. ఈ చిన్న మార్పుతో దూరమునుండి పిలుచు వెలుగు తోడునడచు వెలుగైనది. పైగా జ్యోతి యను మాటతో ఉపనిషత్తుల నాటినుండి వచ్చిన ధ్వనులన్నియు ఆ కీర్తనలో ప్రవేశించినవి. అనువాదములో మూలము కొంత కోల్పోవుననుట సామాన్య సత్యము; ఇచ్చట మూలము కొంత సంపాదించుకొన్నది. అయితే మూలములోని చుట్టుముట్టిన చీకటిని అనువాదకుడు తొలగించియున్నచో ఈ లాభమంతయు వ్యర్థమై యుండెడిది.

భారతీయ భాషలలో క్రైస్తవ కవిత్వము వ్రాయబూనినవానికి గల సౌలభ్యము, సంకటము రెండును ఇందులోనే యున్నవి. దీపము, జ్యోతి, తేజస్సు, ప్రకాశము మొదలగు మాటలు అతనికి సిద్ధముగా లభించును. శ్రోత వానిని వినినంతనే చేతులు జోడించును. గోవాలో స్థిరపడిన ఆంగ్ల జెసూటు థామస్ స్టీఫెన్స్ 1616లో క్రిస్తపురాణమును ముద్రించినప్పుడు మరాఠీ ఓవీ ఛందస్సును గ్రహించెను. ఆ ఛందస్సునకు కీర్తి తెచ్చిన జ్ఞానేశ్వరుని గీతావ్యాఖ్యకు అసలు పేరే భావార్థదీపిక. దీపమనగా అర్థమును ప్రకాశింపజేయునదని మరాఠీ శ్రోతకు మూడు శతాబ్దముల నుండి తెలియును. సిద్ధముగా నున్న ఇట్టి పదసంపద కవికి తలుపు తెరచును. కాని తెరచిన తలుపులోనుండి పాత అర్థమే వచ్చి కూర్చుండు ప్రమాదము కూడ నున్నది. వెలుగును స్తుతించు పద్యములు వేలకొలది పుట్టవచ్చును, వానిలో ఒక్కదానియందైనను మధ్యాహ్నపు చీకటి లేకుండ.

ఈ సంకటమును దాటిన రచనలలో చీకటి తప్పక కన్పట్టును. జాన్ బనియన్ 1678లో ప్రకటించిన గ్రంథము యాత్రికుని ప్రయాణము అను పేర తెలుగువారికి చిరపరిచితము. అందు యాత్రికుని ద్వారము కనబడుచున్నదా యని అడుగగా లేదనును. దూరమున వెలుగు కనబడుచున్నదా యని అడుగగా, కనబడుచున్నట్లే యున్నదని సందేహముతో చెప్పును. ఆ సందేహపు వెలుగే అతనిని ఇల్లు విడిపించును. తిరునెల్వేలి ప్రాంతపు వైష్ణవ కుటుంబములో పుట్టి, కంబని కవిత్వమున మునిగి, 1858లో క్రైస్తవుడైన హెచ్. ఏ. కృష్ణపిళ్ళై ఈ కథనే 1894లో రక్షణ్య యాత్రికమను తమిళ మహాకావ్యముగా మలచెను. అనేక క్రైస్తవ కథలలో నుండి ఆయన ఎన్నుకొన్నది గమ్యము చేరినవాని కథను కాదు, దారిలో నున్నవాని కథను.

రవీంద్రుడు 1930లో జర్మనీలోని ఓబరమ్మెర్గౌ గ్రామమున క్రీస్తు బాధలను ప్రదర్శించు నాటకమును చూచెను. ఆ అనుభవమునుండి ది చైల్డ్ అను కావ్యమును సూటిగా ఆంగ్లములో రచించెను. బెంగాలీలో అది శిశుతీర్థమైనది. కావ్యము రాత్రిలో ఆరంభమగును. నమ్మికగల ఒక నాయకుని వెంట జనులు యాత్ర సాగింతురు. విసిగినవారు ఒక రాత్రి చీకటిలో అతనిని చంపుదురు. తెల్లవారిన పిమ్మట చేసినదానికి కంపింతురు. దారి చూపువారెవరని అడుగగా, తాము చంపినవాడే చూపునను సమాధానము వచ్చును. చివరకు తెల్లవారుజామున వారు చేరినది రాజసౌధమును కాదు. పూరింటి తలుపు తెరచుకొనగా గడ్డిపై కూర్చున్న తల్లి ఒడిలో శిశువు. ఇందు క్రీస్తు పేరు లేదు. వేదాంత పరిభాష లేదు. అయినను చీకటిలో హత్య, హతుని మార్గదర్శకత్వము, ఉదయమున శిశువు అను క్రమములో సువార్త అస్థిపంజరమంతయు నున్నది. వెలుగు చీకటి గుండా వచ్చినదే గాని దానిని తప్పించుకొని రాలేదు.

తెలుగులో ఈ విచారమునకు గుఱ్ఱం జాషువ అనివార్యముగా వచ్చును. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. కాని వెలుగు విషయమున ఆయన చేసిన అతి సాహసమైన కల్పన గబ్బిలములో నున్నది. ఆ కావ్యము 1941లో వెలువడినది. అంటరానివాని గుడిసెలోనికి రాత్రివేళ గబ్బిలము వచ్చును. దాని రెక్కల గాలికి అతని చిన్న ఆముదపు దీపము ఆరిపోవును. దీపము ఆరిన తరువాతనే సందేశము ఆరంభమగును. ఆలయమున ప్రవేశము లేని మనుష్యుని మొర, ఆలయమున వ్రేలాడు స్వేచ్ఛ గల పక్షి ద్వారా శివునకు పంపబడుచున్నది. ఇది క్రైస్తవ కావ్యమనుట సరికాదు. కవి దానిని అట్లు వ్రాయలేదు. అయినను క్రైస్తవ గృహమున పెరిగిన కవి, కాళిదాసుని మేఘమునకు బదులు చీకటి ప్రాణిని దూతగా ఎన్నుకొనుట, ఉన్న ఒక్క దీపమును ఆర్పి కథ మొదలిడుట పాఠకుడు తేలికగా దాటిపోరాదు. మందలు కాయుచు రాత్రి మేల్కొనియున్న కాపరులకే మొదటి వార్త అందినదని చెప్పు సువార్తకును ఈ గుడిసెకును దూరము లేదు. భేదమేమనగా, అచ్చట వార్త పైనుండి వచ్చినది; ఇచ్చట క్రిందినుండి పోవుచున్నది. ఆలయములో దీపములకు కొదువలేదు. కొదువయైనది ఆ దీపముల వెలుగులో నిలుచుటకు ఒక మనుష్యునకు అనుమతి. దేవుని వెలుగును ఒక వర్గము తన సొత్తుగా చేసికొన్నప్పుడు కవి చేయగల పని యేమియో జాషువ చూపెను: వెలుగును మరింత పొగడుట కాదు, చీకటిలో నున్నవాని పక్షమున మాటలాడుట.

ఈ దృష్టాంతములను బట్టి విమర్శకునకొక గీటురాయి లభించును. వెలుగును గూర్చిన క్రైస్తవ రచనను, ఆ మాటకు వచ్చినచో ఏ మతమునకు చెందిన రచననైనను చదువునప్పుడు, అందులోని వెలుగు ఎంత ప్రకాశవంతముగా నున్నదో చూచుట రెండవ పని. చీకటి ఎచ్చట నున్నది, దానిలో నిలుచున్నవాడెవడు అను ప్రశ్న మొదటిది. చీకటి లేనిచోట ఆ రచన పండుగనాటి తోరణము. చీకటి పొరుగువానిదైనచోట అది హీబరు కీర్తన. చీకటి పాడువానిదే యైనచోట, లేక చీకటిలో నున్నవాని ప్రక్కన పాడువాడు నిలిచినచోట, అది మతభేదములను దాటి వినబడును. జొహానెస్బర్గులో ఒక బాప్టిస్టు బాలిక, తన సంఘమునకు చెందని ఆంగ్లికన్ కవి పాటను, తన మతమునకు చెందని హిందువు కొరకు పాడుట ఇట్టి శక్తిచేతనే సాధ్యమైనది.

ప్రకటన గ్రంథము తన చివర వర్ణించు నగరములో సూర్యునితో గాని దీపముతో గాని పని లేదు. గొఱ్ఱెపిల్లయే దానికి దీపము. వధింపబడిన గొఱ్ఱెపిల్ల యనుట మరువరాదు. రాత్రి లేని ఆ నగరమునకు సైతము వెలుగు నిచ్చుచున్నది గాయపడిన ప్రాణియే. క్రైస్తవ సంప్రదాయము తన యూహ యంతటిలో చేరుకొన్న అత్యున్నత ప్రకాశములో కూడ ఆ మధ్యాహ్నపు చీకటి గుర్తును చెరిపివేయలేదు. భారతీయ భాషలలో ఈ ప్రతీకను వాడు కవులు పరంపరగా వచ్చిన జ్యోతి పదమును విడువనక్కరలేదు. ఆ గుర్తును విడువకున్న చాలును.